జపాన్ అంకెల తలుపు చెక్కలు

మా అంగడి తలుపు చెక్క మీద అమ్మ పెట్టిన బొట్టు చెదిరి ఉండడం ముందు చూసింది నేనే. శుక్రవారం పెట్టిన కుంకుమ శనివారం పొద్దునకు అట్లా చెదరదు. ఎవరో అరచెయ్యి ఆనించినట్టు ఒక పక్కకు సాగిపోయి ఉంది. కింద గడప దగ్గర పెన్సిల్ చెక్కిన పొట్టు, ఎర్ర అంచుతో చుట్టలు చుట్టలుగా పడి ఉంది. మా ఇంట్లో పెన్సిలే లేదు. నాయన రాసేది సిరాతో. నా చదువు అయిదో తరగతిలో పలకతోనే ముగిసింది. మరి ఈ పొట్టు ఎవరిది?

ఎవరో రాత్రి మా చెక్కల మీది గుర్తులను చూసి కాయితం మీదికి ఎక్కించుకున్నారు. అంతకంటే ఇంకేమీ అనుకోవడానికి లేదు. ఆ పొట్టు ఏరి కొంగున ముడి వేసుకుని అమ్మకు చూపించాను. అమ్మ చెయ్యి పొయ్యి మీద కందిపప్పు కలుపుతూ ఆగిపోయింది.

"మీ అన్నకు చెప్పొద్దు. మీ నాయనకూ చెప్పొద్దు," అంది. తర్వాత తనే పోయి నాయనకు చెప్పింది.

మాకంత భయం ఎందుకో చెప్పాలంటే ముందు ఆ చెక్కల సంగతి చెప్పాలి. మా అంగడి తిరుపతిలో, కొండ దిగినవాళ్లు స్టేషన్‌కు పోయే దారిలో ఉండేది. అద్దాలు, దువ్వెనలు, పూసలు, రబ్బరు బంతులు, తగరపు బొమ్మలు అమ్మేవాళ్లం. గుండు కొట్టించుకుని వచ్చినవాళ్లకు దువ్వెన అమ్మడం నాయన సొంత విద్య. "జుట్టు రాకుండా పోతాదా అప్పా? వచ్చినప్పుడు యాడ వెతుక్కుంటావు?" అనేవాడు. వాళ్లు నవ్వుతూ కొనేవాళ్లు.

అంగడికి రెక్కల తలుపు లేదు. పైనా కిందా గాడి కొట్టిన దూలాలు. వాటి మధ్య తొమ్మిది నిలువు చెక్కలు ఒకదాని పక్కన ఒకటి దూర్చి, అడ్డంగా ఇనుప బద్దె వేసి తాళం పెట్టడమే. పొద్దున తీసి గోడకు ఆనించాలి, అంగడి మూసేటప్పుడు మళ్లీ దూర్చాలి. వానకు ఉబ్బి ఎండకు వంగి ఒక్కో చెక్క ఒక్కో తీరుగా తయారయింది. మూడోదాన్ని నాలుగో చోట పెడితే తొమ్మిదోది పట్టదు. అందుకే బజారులో అందరూ చెక్కల మీద తారుతో అంకెలు వేసుకుంటారు. మావి చెరిగిపోతే కొత్తగా వేసింది మా అన్న. జపాన్ అంకెలు వేశాడు.

అది యుద్ధానికి ముందు. అప్పుడు మా సరుకులో ముప్పాతిక జపాన్‌దే. ఎవరికీ పట్టలేదు. నాయన మాత్రం, "ఏందిరా ఈ పురుగులు?" అన్నాడు. చెక్కలు తీసేదీ పెట్టేదీ అన్నే కాబట్టి ఊరుకున్నాడు. అమ్మ శుక్రవారం శుక్రవారం ఆ పురుగుల పక్కనే పసుపూ కుంకుమా పెట్టేది.

అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద. వాడు పుట్టడమే వేరుగా పుట్టాడు. మనిషి ముఖం చూసి మాట్లాడడు, చేతులు చూసి మాట్లాడతాడు. ఎవరన్నా భుజం మీద చెయ్యి వేస్తే కాలినట్టు అరుస్తాడు. మేళం వినపడితే చెవులు మూసుకుని మూటల వెనక కూర్చుంటాడు. అన్నం వేరే, పెరుగు వేరే, ఊరగాయ వేరే ఆకులో పెట్టాలి. ఒకటికొకటి అంటుకుంటే లేచిపోతాడు. వీధిలో వాళ్లు తిక్కోడు అనేవాళ్లు. కానీ మా అంగట్లో ఏ పెట్టెలో ఎన్ని గోలీలున్నాయో వాడికి తెలిసినట్టు నాయనకు కూడా తెలియదు.

జపాన్ పెట్టె వస్తే వాడికి పండగ. మేకులు ఒక్కొక్కటీ పెరికి, సుత్తితో సరిచేసి, వరసగా పేర్చేవాడు. పింగాణీ కప్పులకు చుట్టిన గడ్డితాడు ఎట్లా అల్లారో విప్పి చూసి మళ్లీ అల్లేవాడు. అగ్గిపెట్టెల మీది బొమ్మలు, బట్టల తాన్ల మీది చీటీలు, పెట్టెల మీది ముద్రలు, అన్నీ తడిపి ఊడదీసి ఆరబెట్టి దాచుకునేవాడు. వాటి గురించి ఎవరన్నా ఒక్క ప్రశ్న అడిగితే చాలు, వాళ్లు లేచి పోయినా చెబుతూనే ఉండేవాడు.

ఆ అంకెలు వాడికి నేర్పింది పక్కంగడి గాజుల సాయిబు. మేము తాత అనేవాళ్లం. ఆయన పడుచుతనంలో ఒక బొంబాయి వ్యాపారి వెంట జపాన్‌లో కోబే రేవుకు పోయి, పూసల పెట్టెలు కట్టే పని చేసి వచ్చాడు. ఆయన చెప్పే కబుర్లు మా అన్న ఒక్కడే నూరు సార్లు విన్నా విసుక్కోకుండా వినేవాడు.

"ఆడ ఎవురూ ఒకరినొకరు తాకరు బేటా. దూరంగా నిలబడి వంగుతారు, అంతే. చెప్పులు బయటే. ప్రతి సామానుకూ ఒక చోటు. ఏది ఇచ్చినా బట్టలో చుట్టి రెండు చేతులా ఇస్తారు."

అన్న ఆ మాటలు వింటూ ముందుకూ వెనక్కూ ఊగేవాడు. ఒకసారి నాతో అన్నాడు, "ఆడ అందరూ నా మాదిరే ఉంటారు." నేను నవ్వాను. అప్పుడు నవ్వినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

జపాన్ వాళ్లు యుద్ధంలోకి దిగిన తర్వాత వచ్చిన ఎండాకాలంలో అంతా తలకిందులైంది. మద్రాసు మీద బాంబులు పడతాయని జనం మూటలతో, ఇత్తడి బిందెలతో, కుట్టుమిషన్లతో సహా రైళ్లలో వచ్చి మా ఊళ్లో దిగారు. పూతలపట్టు దగ్గర ఎవరో సాధువును పట్టుకుని, లోపల వైర్‌లెస్ తీగ ఉందేమోనని జడలు విప్పి చూశారట. వడమాలపేటలో ఒకడు రాత్రి బీడీ వెలిగించుకుంటే విమానానికి సైగ చేస్తున్నాడని కొట్టారట. అంగట్లో జపాన్ సామాను నాయన మూటలు కట్టి అటక మీద పడేశాడు. చెక్కల మీది అంకెలు మాత్రం వీధి మొహాన అట్లాగే ఉన్నాయి. వాటిని రోజూ చూసీ చూసీ మాకు అవి కనపడడమే మానేశాయి.

అన్న ఊరుకునే రకం కాదు. స్టేషన్ నుంచి వచ్చే మద్రాసు వాళ్లను ఆపి అడిగేవాడు, "జపాన్ విమానం సూసినారా? రెక్క కింద ఎర్ర గుండ్రం ఎంత పెద్దది?" వాళ్లు వాడిని ఎట్లా చూసేవాళ్లో! నేను పరిగెత్తిపోయి ఏదో ఒకటి వాగి వాడిని లోపలికి పిలుచుకొచ్చేదాన్ని.

కాబట్టి పెన్సిల్ పొట్టు కనపడ్డ రోజు నుంచి మాకు ఒక్కటే దిగులు. వాడిని పోలీసులు పట్టుకుపోతారు. ఎవరో ఒకరు రెక్క పట్టుకుంటారు, వాడు అరుస్తాడు, అరిచినందుకు కొడతారు. లాకప్పులో ఒక్క రోజు ఉంటే మళ్లీ మా అన్న మా అన్నగా తిరిగి రాడు.

ఎవరు చేశారు ఈ పని? నేను ఒక్కొక్కరినీ పట్టి చూడడం మొదలుపెట్టాను. మా ముందు గది మద్రాసు నుంచి వచ్చిన ఆలుమగలకు బాడుగకు ఇచ్చి ఉన్నాం. ఆయన ఏదో ఆఫీసులో గుమాస్తా. చొక్కా జేబులో ఎప్పుడూ పెన్సిల్. నేను ఊడ్చే వంకతో లోపలికి పోయి చూశాను. పెన్సిల్ నీలం రంగుది. అయినా అనుమానం పోలేదు, మనిషికి రెండు పెన్సిళ్లు ఉండకూడదా? ఆయన భార్య బావి దగ్గర నన్ను పట్టుకుంది.

"ఏమ్మా, మీ అన్న ఎప్పుడూ ఏమో గీస్తానే ఉండాడే, అది ఏమి బాషమ్మా?"

"ముగ్గులక్కా. వాడికి ముగ్గులంటే ప్రాణం," అన్నాను.

"మొగపిల్లోడు ముగ్గా?" అని ఆమె బొక్కెన వదిలేసి నన్నే చూసింది. ఎందుకంత చూపు?

ఇంకో అనుమానం చెప్పడానికి నోరు రాదు. సాయిబు తాత అంతకు ముందు వారం రోజులుగా మా అంగడి గడప తొక్కలేదు. అన్న వాళ్ల అంగడికి పోతే, "ఇప్పుడు కాదు బేటా, పో, పో," అని పంపేశాడు. తను నేర్పిన సంగతి బయటపడకముందే ఆయనే పోయి మా అన్న మీద చెప్పాడేమో అనుకున్నాను. పండ్లు లేని తన నోటికని మెత్తగా నానబెట్టుకున్న బఠానీల్లో నాకూ పెట్టిన మనిషిని అట్లా అనుకున్నాను.

ఆదివారం నాయన గాజుపెంకు తెచ్చి అంకెలు గీకేద్దామన్నాడు. మొదటి చెక్క మీద ఒక్క గీత గీకాడో లేదో, అన్న లోపలినుంచి వచ్చి చూశాడు. ఇంక ఆ అరుపు! తలను దూలానికి కొట్టుకున్నాడు. వీధి వీధంతా మా ముందు నిలబడింది. "ఏంది? ఏమయింది?" అని అడిగేవాళ్లే. నాయన గాజుపెంకు గుప్పిట్లో దాచుకుంటే చెయ్యి తెగింది. గీకడం మానేశాం. గీకుతున్నామని నలుగురూ చూడడం ఇంకా ప్రమాదం కదా.

ఆ సాయంత్రం నేను అన్నకు పాఠం చెప్పాను.

"ఎవరన్నా వచ్చి ఇవేందని అడిగితే తెలీదు అనాల. ఏదీ, అను."

"తెలుసు కదా."

"తెలిసినా తెలీదనాల."

"తెలిస్తే తెలీదని ఎట్ల అంటారు?" అన్నాడు నా చేతులు చూస్తూ. వాడికి నిజంగా అర్థం కాలేదు. పది సార్లు చెప్పినా అదే మాట. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది.

సోమవారం పొద్దున అన్న చెక్కలు తీస్తుండగా వచ్చారు. ఇనస్పెక్టరు, ఆయన వెనక ఒక హెడ్డు కానిస్టేబులు. ఇనస్పెక్టరు చేతిలో మడత కాయితం. నా కళ్లు ఆ మడత మీదే ఉన్నాయి.

"ఆపు," అన్నాడు ఇనస్పెక్టరు.

అన్న ఆరో చెక్క తీశాడు. "తొమ్మిదీ అయినాక," అన్నాడు.

హెడ్డు చెయ్యి ఎత్తాడు. నేను వాళ్లిద్దరి మధ్యకు దూరాను. "తాకొద్దు సార్, తాకితే అరుస్తాడు! ఇంకా మూడే సార్. మొదలుపెడితే వాడు ఆపలేడు, చిన్నప్పటి నుంచీ అంతే సార్, మూడే!"

ఇనస్పెక్టరు నన్నూ వాడినీ చూసి నిలబడ్డాడు. మూడు చెక్కలూ తీసేదాకా నిలబడ్డాడు. ఆయన ఎందుకు ఆగాడా అని నాకు అదొక అనుమానం.

"ఇవి ఎవరు రాసినారు?"

"నేనే," అన్నాడు అన్న.

"ఏమని?"

అన్న ఒక్కో చెక్కా చూపిస్తూ ఒకటి నుంచి తొమ్మిది దాకా చెప్పాడు. తర్వాత జపాన్ మాటల్లోనూ చెప్పాడు. నాయన బల్ల పట్టుకుని కూర్చుండిపోయాడు.

"నమ్మొద్దు సార్," అన్నాడు హెడ్డు. "ఈ మూడు గీతలు సూడండి, విబూది పట్టెలు. ఈ ఎనిమిదో దాంట్లో ఉండేది మన సామి నామం, తలకిందులు చేసినారు. యాడ శివుడి గుడి, యాడ పెరుమాళ్ల గుడి అని విమానాలకి గుర్తులు పెడతా ఉండారు. పైగా వీటికి కుంకమ పెట్టి పూజలు!"

ఇంట్లోకి పోయే తెర వెనక నుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఏందయ్యా నువ్వు మాట్లాడేది? శుక్రవారం తలుపుకు బొట్టు పెట్టకుండా ఎట్ల? మీ ఇంట్లో ఆడోళ్లు పెట్టరా?"

"పెడతారులేమ్మా," అన్నాడు హెడ్డు కాస్త తగ్గి.

ఇనస్పెక్టరు మడత విప్పాడు. పెన్సిల్‌తో పది గుర్తులు. "తొమ్మిది అంకెలంటివే, మరి ఈ పదోది ఏంది?"

అన్న కాయితం మీదికి వంగాడు. వాడి ముఖం ఎర్రబడింది. "ఇది ఎవురు రాసినారు? ఆరు తప్పు. ఈ కాలు ఇట్ల రాకూడదు. ఏడు కూడా వంకర. పదోది అంకె కాదు. అమ్మ బొట్టు. ఎవురిదో చెయ్యి తగిలి సాగినాది. దాన్ని కూడా రాసినారు!"

హెడ్డుకు నవ్వు ఆగలేదు. ఇనస్పెక్టరు నవ్వలేదు. "ఎవరు నేర్పించినారు నీకు?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. అన్న నోరు తెరవకముందే, "నేనే సార్," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోటికి వచ్చేసింది.

"కాదు," అన్నాడు అన్న. "దీనికి రావు. దీనికి మన ఏడు అంకే సరిగ్గా రాయడం రాదు."

"నేను సాబ్." సాయిబు తాత తన అంగడి మెట్టు దిగి వస్తున్నాడు. టోపీ సరిచేసుకుని మా ముందు నిలబడ్డాడు. "కోబేలో పెట్టెలు మోసినాను. అంకెలు తెలీకపోతే కూలి పని దొరకదు ఆడ. వీడికి ఇష్టమని చెప్పినా. తీసుకపోతే నన్ను తీసుకపోండి. వీడికి గోడా మనిషీ ఒకటే, వీడికి యుద్ధమేంది సాబ్?"

నాకు భూమిలోకి పోయినంత పనైంది. అయినా నా బుద్ధి చూడండి, ఆ క్షణంలో కూడా, ఈయన ముందే పోలీసులతో మాట్లాడుకుని వచ్చాడేమో అనిపించింది.

ఇనస్పెక్టరు తాతను ఏమీ అనలేదు. నాయన దగ్గర కాయితం, సిరా తీసుకుని బల్ల మీదే రాశాడు. "ఇకమీద జపాన్ అక్షరాలు రాయనని రాసినాను. మీ వాడు సంతకం పెడితే ఇంతటితో అయిపోతాది. లేదంటే స్టేషన్‌కు నడవాల్సిందే."

నాయన కలం అన్న చేతికి ఇచ్చాడు. అన్న చదివి కలం కింద పెట్టాడు.

"పెట్టను. రాస్తాను కదా."

"రేయ్, పెట్టరా నాయనా, నీకు దండం పెడతాను," అన్నాడు నాయన.

"రాస్తాను కదా, రాయనని ఎట్ల పెట్టేది?"

హెడ్డు ఒక అడుగు ముందుకు వేశాడు. నాకు ఏడుపు వచ్చేసింది, కానీ నోరు ఆగలేదు. "సార్, సార్, యుద్ధం అయిపోయేదాకా రాయనని రాయండి సార్."

అన్న ఆలోచించాడు. "యుద్ధం ఎప్పుడు అయిపోతాది?"

"నాకేం తెలుసు?" అన్నాడు ఇనస్పెక్టరు.

"తెలీనిదానికి ఎట్ల సంతకం పెట్టేది?"

ఆ మాటకు ఇనస్పెక్టరు మొదటిసారి అన్నను సరిగ్గా చూశాడు. అన్న ఆయన బెల్టు చూస్తున్నాడు. నేను అన్న చేతుల ముందు నా చేతులు పెట్టి, వాడు చూసేట్టు, నెమ్మదిగా అడిగాను. "అన్నా, వీధిలోకి కనపడేట్టు రాయను అంటే? అది నిజమే కదా? ఇంట్లో రాసుకోవచ్చు, వీధికి మాత్రం కనపడకూడదు."

చాలాసేపు ఊగాడు. "వీధిలోకి కనపడకూడదు," అన్నాడు. మళ్లీ అన్నాడు. "అది చెయ్యచ్చు."

ఇనస్పెక్టరు ముందు రాసింది కొట్టేసి అదే రాశాడు. అన్న సంతకం పెట్టాడు, గుండ్రంగా, నిదానంగా, తెలుగులో. "రేపటికి ఆ చెక్కలు శుభ్రంగా ఉండాల," అని వాళ్లు వెళ్లిపోయారు.

ఆ రోజు అంగడి మూసేటప్పుడు అన్న తొమ్మిది చెక్కలూ వెనక్కి తిప్పి దూర్చాడు. అంకెలు లోపలికి పోయాయి, వీధికి ఉత్త చెక్క. నాయన గీకుదామని మళ్లీ అనలేదు. వాడి అరుపు, తన చెయ్యి, రెండూ గుర్తున్నాయి. పగలు అన్న చెక్కలు గోడకు ఆనించేటప్పుడు అంకెల వైపు గోడకే ఉండేట్టు పెట్టేవాడు. సంతకం పెట్టిన మాట వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

కానీ హెడ్డు మమ్మల్ని వదల్లేదు. ప్రతి సోమవారం వచ్చేవాడు. మూడు నాలుగు చెక్కల మీద చెయ్యి వేసి చూసేవాడు. నా ప్రాణమంతా ఒక్కదాని మీదే ఉండేది, ఆయన అన్నను ఒక్క ప్రశ్న అడక్కూడదు. చెరిపేశావా అని అడిగితే వాడు, లేదు, వెనక ఉండాయి, అంటాడు. అంతే. అందుకని ఆయన గడప ఎక్కగానే నేను మొదలుపెట్టేదాన్ని. కొండ మీద వాన పడిందా, మీ ఆవు ఈనిందా, మీ చెల్లెలి పిల్ల ఎట్లుంది, ఈ ఏడు చింతపండు పురుగు పట్టిందంట నిజమేనా. ఊపిరి తీసుకోకుండా మాట్లాడేదాన్ని. "ఈ పాపకు నోరు నొప్పి పుట్టదా అప్పా?" అని ఆయన నాయనను అడిగేవాడు. మద్రాసు ఆలుమగలు ఖాళీ చేసి పోయారు. కాయితం ఎవరు రాశారో తెలియలేదు. సాయిబు తాతను నేను అనుమానించిన సంగతి ఆయనకు చెప్పలేదు, చెప్పే ధైర్యం లేదు.

వానలు మొదలయ్యాక ఒక సోమవారం నాకు జ్వరం వచ్చి లోపల పడుకుని ఉన్నాను. హెడ్డు గొంతు వినపడింది. లేచి గోడ పట్టుకుని వచ్చేసరికి అడిగేశాడు.

"ఏమబ్బా, అంకెలన్నీ చెరిపేసినావా?"

"లేదు," అన్నాడు అన్న. "వెనకపక్క ఉండాయి. వీధిలోకి కనపడవు."

అన్న ఒక చెక్క ఎత్తి తిప్పి చూపించాడు కూడా. ఏడో చెక్క. హెడ్డు దాన్ని చూశాడు. నన్ను చూశాడు. నేను కొండ మీద వాన సంగతి ఎత్తుకోబోయాను. ఆయన చెక్క అంచు పట్టుకుని తనే గోడవైపు తిప్పి ఆనించాడు.

"జ్వరమా పాపా? మిరియాల కషాయం తాగు," అని గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

ఆయన ఇనస్పెక్టరుకు చెప్పడానికి పోయాడా, చెప్పకూడదని పోయాడా? తర్వాతి సోమవారం ఆయన రాలేదు. ఆ తర్వాతి సోమవారమూ రాలేదు. రోజూ పొద్దున అన్న మొదటి చెక్క తీసే చప్పుడు వినగానే నేను వాడికంటే ముందు పోయి వీధికి రెండు వైపులా చూసి వచ్చేదాన్ని.